గేర్లు లేని సైకిల్ మీద సుందరయ్య గారు

ఎలక్షన్లు దగ్గరపడితే చాలు, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ తిరగడం మొదలవుతుంది. అప్పటి నాయకులు ఎట్లా ఉండేవాళ్లు, ఇప్పటివాళ్లు ఎట్లా ఉన్నారు అని. అందులో తెలుగువాళ్ల తరఫున తప్పకుండా కనిపించే పేరు పుచ్చలపల్లి సుందరయ్య. పార్లమెంటుకు సైకిల్ మీద వెళ్లిన ఎంపీ. కింద నాలుగు దండం ఎమోజీలు. ఆ తర్వాతి మెసేజ్ ఎవరిదో గుడ్ మార్నింగ్.

మనలో చాలామందికి ఆయన గురించి తెలిసింది ఆ ఒక్క లైనే. హైదరాబాద్‌లో కోచింగ్‌కి వెళ్లినవాళ్లు బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య పార్కు, సుందరయ్య విజ్ఞాన కేంద్రం చూసే ఉంటారు. పేరు చూశాం, మనిషి గురించి తెలుసుకోలేదు. నేనూ ఇంగ్లీష్ మీడియంలోనే చదివాను. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పేర్లు ఒక పోరాటం చరిత్రలో ఎన్నిసార్లు వస్తాయో ఇంటర్ అయిపోయేదాకా నాకు తెలియదు. మన బస్సులు ఆగే ఊళ్లే అవి.

ఇప్పుడు ఈ వ్యాసం ఎందుకంటే, మా హాస్టల్‌లో ఈ సెమిస్టర్ మొత్తం గేర్ సైకిళ్ల గోల. ట్రైల్ బైక్ తీసుకోవాలా, హైబ్రిడ్ తీసుకోవాలా, ముందు సస్పెన్షన్ చాలా, వెనక కూడా కావాలా, రెండొందల కిలోమీటర్ల బ్రెవే తొక్కాలంటే ఏం కావాలి అని రాత్రి ఒంటిగంట దాకా చర్చ. ఆ చర్చ వింటూ సుందరయ్య గారి జీవితం చదివితే నాకు అనిపించింది ఒకటే. సైకిల్ ఏది అనే ప్రశ్న కంటే ముందు ఎక్కడికి, ఎందుకు అనే ప్రశ్న ఉంటుంది. ఆయన దానికి పదిహేడేళ్లకే జవాబు చెప్పుకున్నారు. సైకిల్ సంగతి ఆ తర్వాత వచ్చింది.

అలగానిపాడు అబ్బాయి

సుందరయ్య గారు 1913 మే 1న నెల్లూరు జిల్లా అలగానిపాడులో పుట్టారు. భూమి ఉన్న రెడ్ల కుటుంబం. అసలు పేరు సుందరరామిరెడ్డి. తర్వాత కులాన్ని సూచించే ఆ తోకను ఆయనే కత్తిరించుకుని సుందరయ్య అయ్యారు. ఆరేళ్ల వయసులో తండ్రి పోయారు. అక్కయ్య, బావగారి దగ్గర పెరిగారు. బావగారు న్యాయశాఖ ఉద్యోగి కావడంతో బదిలీలు ఎక్కువ. తిరువళ్లూరు, ఏలూరు, రాజమండ్రి, మద్రాసు అంటూ ఊళ్లు మారుతూ చదువు సాగింది.

1929లో మద్రాసు లయోలా కాలేజీలో చేరారు. మన కాలంలో అదే అబ్బాయి అయితే ఫస్టియర్ వాట్సాప్ గ్రూప్‌లో ఉండేవాడు. ఏడాది తిరగకుండానే ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. చదువు వదిలేసి అందులోకి దూకారు, అరెస్టయ్యారు. వయసు చిన్నది కాబట్టి తంజావూరులోని బోర్స్టల్ స్కూల్‌కి, అంటే కుర్ర ఖైదీల జైలుకి పంపారు. జైలు జీవితంలో విప్లవకారుల పరిచయాలు అయ్యాయి. బయటికి వచ్చాక అమీర్ హైదర్ ఖాన్ అనే కమ్యూనిస్టు నాయకుడి ప్రభావంతో ఆ దారిలోకి వెళ్లారు. 1934 నాటికి, ఇరవయ్యొక్కేళ్లకే, పార్టీ కేంద్ర కమిటీలో ఉన్నారు. దక్షిణాదిలో పార్టీని కట్టే పని ఆయన భుజాల మీద పడింది. కేరళలో పి. కృష్ణపిళ్లై, ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ లాంటివాళ్లు కమ్యూనిస్టు పార్టీలోకి రావడంలో ఆయన పాత్ర ఉంది. 1936లో అఖిల భారత కిసాన్ సభ పుట్టినప్పుడు దాని సంయుక్త కార్యదర్శుల్లో ఒకరయ్యారు.

ఇదంతా పైస్థాయి పని. కానీ మొదలుపెట్టింది సొంతూళ్లో. అలగానిపాడులో దళితులను తమ బావి దగ్గరికి రానిచ్చారు, కలిసి కూర్చుని తిన్నారు. కూలీలకు సంఘం పెట్టారు, చదువు చెప్పారు, తక్కువ ధరకు సరుకులు దొరికేలా కొట్టు నడిపారు. సొంత ఇంట్లోవాళ్లూ, ఊరి పెద్దలూ ఎదురుతిరిగిన పని అది. తన వాటాకి వచ్చిన ఆస్తిని కూడా తర్వాత పార్టీకే ఇచ్చేశారు. 1943లో లీలగారిని పెళ్లి చేసుకున్నారు. ఆమె బొంబాయి పార్టీ ఆఫీసులో పనిచేసేవారు. పూర్తికాలం ప్రజల పనిలో ఉండాలనుకున్న ఇద్దరూ పిల్లలు వద్దని ముందే నిర్ణయించుకున్నారు.

మనిషి ఇలాంటివాడని తెలిశాక సైకిల్ దగ్గరికి రావచ్చు.

ఆ సైకిల్ ఎలాంటిది?

అప్పట్లో పల్లెల్లో పార్టీ పని అంటే నడక, సైకిల్, దొరికితే రైలు. ఆ కాలం సైకిల్ అంటే మన తాతలు తొక్కిన నల్ల సైకిలే. ఇరవై కిలోల దాకా బరువు. 28 అంగుళాల చక్రాలు, అంగుళన్నర టైరు. కేబుల్ లేదు, బ్రేక్ నొక్కితే ఇనప కడ్డీలు కదిలి రిమ్‌ని పట్టుకుంటాయి. వానలో ఆ పట్టు అంతంత మాత్రమే. ఒక్కటే గేరు. వెనక క్యారియర్, కింద స్టాండు, చెయిన్‌కి కవరు, స్ప్రింగుల తోలు సీటు. 1940ల చివరిదాకా ఎక్కువగా ఇంగ్లండ్ సైకిళ్లే. తర్వాత మద్రాసులో టీఐ సైకిల్స్ (1949), సోనీపత్‌లో అట్లాస్ (1951), లూధియానాలో హీరో (1956) వచ్చాయి.

మన బ్రాంచ్ వాళ్ల కోసం చిన్న లెక్క. ముందు పళ్లచక్రానికి 44 పళ్లు, వెనక 18 అనుకుందాం. పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం 2.44 చుట్లు తిరుగుతుంది. చక్రం చుట్టుకొలత దాదాపు 2.2 మీటర్లు. అంటే ఒక్క తొక్కుడుకి సుమారు ఐదున్నర మీటర్లు. నిమిషానికి యాభై సార్లు నెమ్మదిగా తొక్కినా గంటకు 16 కిలోమీటర్లు. చదును నేల మీద ఇది చాలా మంచి వేగం. ఎత్తు ఎక్కాలంటే మాత్రం సీటు మీద నుంచి లేచి తొక్కాలి, లేకపోతే దిగి నడిపించుకుంటూ పోవాలి. ఇప్పటి ట్రైల్ బైక్‌లో ముందు 32, వెనక పెద్దపళ్లెం 51 పళ్లు ఉంటే, అన్నిటికన్నా తేలిక గేరులో ఒక తొక్కుడుకి మీటరున్నర లోపే కదులుతుంది. అందుకే అది గుట్ట ఎక్కుతుంది.

ఇంకో విషయం నాకు బాగా నచ్చింది. ఆ నల్ల సైకిల్ ముందు ఫోర్క్ బాగా ఏటవాలుగా ఉంటుంది, రెండు చక్రాల మధ్య దూరం ఎక్కువ. గుంతలో పడ్డా హ్యాండిల్ ఒక్కసారిగా మెలితిరగదు. ఇప్పటి ట్రైల్ బైకుల్లో కూడా ఫోర్క్‌ని ఏటవాలుగానే పెడుతున్నారు, కారణమూ దాదాపు అదే. అసలు మౌంటెన్ బైకింగ్ పుట్టిందే పాత బరువు సైకిళ్ల మీద. 1970ల్లో కాలిఫోర్నియా మారిన్ కౌంటీ కుర్రాళ్లు లావు టైర్ల పాత సైకిళ్లను కొండ మట్టిదారుల్లో కిందికి దొర్లించుకుంటూ మొదలుపెట్టిన ఆట అది. మట్టి దారుల్లో సైకిల్ తొక్కడం మనకు మాత్రం ఆట కాదు. పాలు అమ్మడానికి, టీచరు స్కూలుకి పోవడానికి, పార్టీ కార్యకర్త పక్క ఊరికి చేరడానికి అదే బండి.

మన మూడు ఊళ్లు

సుందరయ్య గారి కథలోకి మన ఊళ్లు వచ్చేది 1940ల్లో. అప్పుడు సూర్యాపేట, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ తాలూకాలు నిజాం రాజ్యంలోని నల్గొండ జిల్లాలో ఉండేవి. కోదాడ దాటితే బ్రిటిష్ వాళ్ల మద్రాసు రాష్ట్రం, కృష్ణా జిల్లా. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. కోదాడ, సూర్యాపేట మధ్య మనం హైవే మీద రోజూ దాటే మునగాల అప్పట్లో చుట్టూ నిజాం ఊళ్లే ఉన్నా కృష్ణా జిల్లాలో భాగం. దాన్ని మునగాల పరగణా అనేవారు. 1959లో గానీ నల్గొండ జిల్లాలో కలపలేదు. అంటే నిజాం నేల నడిమధ్యలో ఒక ద్వీపం లాగా బ్రిటిష్ పాలన ఉండేది. అక్కడ జమీందారుకి వ్యతిరేకంగా రైతులు ముందే పోరాడి ఉన్నారు. చుట్టుపక్కల నిజాం ఊళ్లలో సంఘం మాట పాకడానికి ఆ పరగణా ఎంతో ఉపయోగపడింది.

ఆ ఊళ్లలో పరిస్థితి ఏందంటే, వెట్టి. దొర ఇంట్లో, దొర పొలంలో కూలి లేకుండా చేయాలి. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ అందరూ వంతులు వేసుకుని చేయాలి. భూమి కొద్దిమంది చేతుల్లో. సూర్యాపేట ప్రాంతంలోని జన్నారెడ్డి ప్రతాపరెడ్డి అనే దేశ్‌ముఖ్‌కి లక్షన్నర ఎకరాలు ఉండేవని సుందరయ్య గారు తన పుస్తకంలో లెక్క చెప్పారు. మన క్యాంపస్ వంద ఎకరాలు అనుకున్నా, అలాంటివి పదిహేను వందలు.

1944లో భువనగిరిలో ఆంధ్ర మహాసభ రావి నారాయణరెడ్డి గారి అధ్యక్షతన జరిగాక అది పల్లె పల్లెకీ సంఘం అయింది. 1946 జూలై 4న కడవెండిలో దొర మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోయాడు. అక్కడి నుంచి ఊళ్లు ఆగలేదు. 1947 సెప్టెంబర్ 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపు ఇచ్చారు. విజయవాడ కేంద్రంగా ఈ పోరాటానికి దారి చూపినవాళ్లలో సుందరయ్య గారు ముఖ్యులు. రజాకార్ల దాడులకు భయపడి జనం సరిహద్దు దాటి వచ్చేవాళ్లు. సరిహద్దు పొడవునా శిబిరాలు నడిచాయి. అక్కడి నుంచి మనుషులు, కబుర్లు, ఆయుధాలు లోపలికి వెళ్లేవి. కోదాడ దగ్గర ఇప్పుడు మనం టోల్, టీ తప్ప ఏమీ పట్టించుకోకుండా దాటే గీత మీద అప్పట్లో ప్రాణాలు ఆధారపడి ఉండేవి.

ఆయన లెక్క ప్రకారం పోరాటం మూడు వేల ఊళ్లకు పాకింది, పది లక్షల ఎకరాలు పంచారు, నాలుగు వేల మంది చనిపోయారు.

చక్రం ఆగే చోట

1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాద్ రాజ్యంలోకి వచ్చింది. విజయవాడ వైపు నుంచి బయల్దేరిన దళం వచ్చింది మన కోదాడ, సూర్యాపేట దారినే. 17న నిజాం లొంగిపోయాడు. ఇక్కడే ఆయన జీవితంలో అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న ఎదురైంది. నిజాం పోయాడు కదా, తుపాకి దించేయాలా? దించేయాలని రావి నారాయణరెడ్డి గారి లాంటివాళ్లు అన్నారు. దించితే పంచిన భూమిని దొరలు మళ్లీ గుంజుకుంటారని సుందరయ్య గారి వైపువాళ్లు అన్నారు. పోరాటం ఇంకో మూడేళ్లు సాగింది.

ఆ మూడేళ్లూ ఆయన అజ్ఞాతవాసంలో ఉన్నారు. దళాలు మైదానం వదిలి కృష్ణ, గోదావరి అడవుల్లోకి జరిగాయి. అడవిలో నల్ల సైకిల్ పనికిరాదు. అక్కడ రాత్రిపూట నడకే. మనం ఎండ్యూరెన్స్ అనే మాట వాడితే కళ్ల ముందు కదిలేది ఎనర్జీ జెల్, హార్ట్ రేట్ చూపించే వాచీ. ఆ దళాల్లో ఓర్పు అంటే దొరికినరోజు తినడం, దొరకనిరోజు నడవడం, ఎవరింట్లో పడుకున్నారో ఆ ఇంటివాళ్లకు రేపు పోలీసు దెబ్బలు తగులుతాయని తెలిసి కూడా పడుకోవాల్సి రావడం.

1951 అక్టోబర్ 21న పోరాటం విరమించారు. ఆ మూడేళ్లు సాగించడం సరైందా కాదా అన్న వాదన ఆ ఉద్యమంలో ఉన్నవాళ్ల మధ్యే దశాబ్దాలపాటు నడిచింది, ఇప్పటికీ తెగలేదు. చనిపోయినవాళ్లలో అటువాళ్లూ ఉన్నారు, ఇటువాళ్లూ ఉన్నారు. సుందరయ్య గారు దాని నుంచి పారిపోలేదు. 1972లో ఆ పోరాటం మీద ఇంగ్లీషులో పెద్ద పుస్తకం రాశారు. పేరులోనే పోరాటంతోపాటు గుణపాఠాలు అన్న మాట పెట్టారు. ఊరూరా ఏం జరిగింది, ఎవరు చనిపోయారు, పార్టీ ఎక్కడ పొరబడింది అని వందల పేజీలు. మన తాతమ్మల ఊళ్ల పేర్లు అందులో దొరుకుతాయి. ఆయన అభిప్రాయాలతో ఏకీభవించాల్సిన పని లేదు, ఊరి పేరు వెతుక్కోవడానికైనా ఒకసారి తెరవండి.

ఢిల్లీ, కర్నూలు, హైదరాబాద్

1952 ఎన్నికల్లో నల్గొండ జనం రావి నారాయణరెడ్డి గారిని లోక్‌సభకు పంపారు. నెహ్రూ గారి కన్నా ఎక్కువ ఓట్లు వచ్చాయి. అదే ఏడాది మద్రాసు రాష్ట్రం నుంచి సుందరయ్య గారు రాజ్యసభకు వెళ్లి కమ్యూనిస్టు సభ్యుల నాయకుడయ్యారు. నిన్నటిదాకా పోలీసులు వెతికిన మనిషి ఇప్పుడు పార్లమెంటు సభ్యుడు. అప్పుడు తొక్కారు ఆ ఫార్వర్డ్‌లోని సైకిల్.

ఒక్కసారి ఇంజనీరింగ్ కోణంలో చూడండి. న్యూఢిల్లీ రోడ్లు చదును, వెడల్పు, చెట్ల నీడ. ఎంపీల నివాసాల నుంచి పార్లమెంటు మరీ దూరం కాదు. ఒంటి గేరు నల్ల సైకిల్‌కి అంతకన్నా అనువైన దారి ఉండదు. ఆయనకు అది త్యాగం అనిపించి ఉండదని నా అనుమానం. పల్లెల్లో ఏ బండి తొక్కారో ఆ బండే, ఇంకా తేలిక దారి. ఎంపీ అయ్యాక మారాల్సిన అవసరం ఆయనకు కనపడలేదు. మనకు విడ్డూరంగా కనిపిస్తోందంటే, పదవి వస్తే బండి మారాలి అని మనం ముందే ఒప్పేసుకున్నాం కాబట్టి.

ఫార్వర్డ్‌తో నాకున్న పేచీ కూడా ఇదే. సైకిల్ గేటు దగ్గర ఆగడంతో దాని కథ అయిపోతుంది. దిగి లోపలికి వెళ్లాక ఆయన ఏం మాట్లాడారో అందులో ఉండదు. భూమి గురించి మాట్లాడారు, తెలుగువాళ్లందరికీ ఒకే రాష్ట్రం గురించి మాట్లాడారు. విశాలాంధ్ర గురించి 1940ల్లోనే పుస్తకం రాసిన మనిషి. అది మన తెలంగాణలో చాలామందికి నచ్చని వాదన, 2014లో చరిత్ర వేరే దారి పట్టింది. సైకిల్‌కి దండం పెట్టడం తేలిక, ఎందుకంటే సైకిల్‌తో ఎవరికీ గొడవ లేదు. ఆయన మాటలతో గొడవ ఉంది. ఆ గొడవ తీసేస్తే మిగిలేది బొమ్మ.

1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చి కర్నూలు రాజధాని అయింది. 1955 ఎన్నికల్లో గెలుస్తామనుకున్న కమ్యూనిస్టులు 15 సీట్లకు పడిపోయారు. ఆ ఓటమిలో గెలిచిన కొద్దిమందిలో గన్నవరం నుంచి సుందరయ్య గారు ఒకరు. పది మందో పదిహేను మందో ఉన్న బెంచీల నుంచి ప్రతిపక్షాన్ని నడిపారు. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక హైదరాబాద్ అసెంబ్లీకి కూడా ఆయన సైకిల్ మీద వెళ్లడం అప్పటివాళ్లందరికీ తెలిసిన సంగతి. హైదరాబాద్ అంటే ఢిల్లీ లాంటి చదును కాదు, రాళ్లగుట్టల ఊరు. ఒంటి గేరుకి అక్కడ నిజంగానే చెమట పడుతుంది.

నీళ్ల లెక్కలు

మన వైపువాళ్లకు ఆయన గురించి తెలియాల్సిన ఇంకో కోణం నీళ్లు. కృష్ణా, గోదావరి నీళ్లు ఎన్ని, ఎక్కడ ఆపొచ్చు, ఎన్ని ఎకరాలకు పారుతుంది అని టీఎంసీల్లో కూర్చుని లెక్కలు కట్టేవారు. డిగ్రీ పూర్తి చేయని మనిషి ఇంజనీర్లతో లెక్కల మీద వాదించేవారు.

నందికొండ దగ్గర కృష్ణకు ఆనకట్ట కావాలని ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ గారు ఆ రోజుల్లో ఊరూరా తిరిగారు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ గారు నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ గారు కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ మీదుగా పాలేరు దాటి ఖమ్మం వైపు పోతుంది. మిర్యాలగూడ ఈరోజు ఇన్ని రైస్ మిల్లుల ఊరు అయ్యిందంటే ఆ నీళ్ల వల్లే. వెట్టికి, కరువుకి పేరుపడ్డ తాలూకాలు ఒక తరం తిరిగేసరికి వరి పొలాలయ్యాయి. ఎవరి పోరాటం ఎంత, ఎవరి సిమెంటు ఎంత అని వాటాలు పంచడం నావల్ల కాదు. భూమి దక్కినా నీళ్లు లేకపోతే పంట రాదు, నీళ్లు వచ్చినా భూమి దొరదే అయితే కూలీకి మిగలదు. ఆ రెండింటినీ ఒకే లెక్కలో చూసిన మనిషి సుందరయ్య గారు.

చివరి మైళ్లు

1964లో పార్టీ చీలింది. కొత్తగా వచ్చిన సీపీఎంకి ఆయన మొదటి ప్రధాన కార్యదర్శి. ఆ ఏడాది చివర్లోనే మళ్లీ జైలు, 1966 దాకా. 1976లో, ఎమర్జెన్సీ నడుస్తుండగా, పార్టీ వెళ్తున్న దారితో విభేదించి ఆ పదవి వదిలేశారు. దేశంలో అంత పెద్ద పదవిని అభిప్రాయం కలవలేదని వదిలి, కింది స్థాయి పనిలోకి వెళ్లినవాళ్లు ఎంతమంది ఉంటారు? ఆయన ఆంధ్రప్రదేశ్‌కి తిరిగొచ్చారు.

1977 నవంబర్ 19న దివిసీమను ఉప్పెన ముంచేసింది. వేల మంది చనిపోయారు. అరవై నాలుగేళ్ల వయసులో ఆయన సహాయక పనుల్లో దిగారు. మరుసటి ఏడాది గన్నవరం ఆయన్ని మళ్లీ అసెంబ్లీకి పంపింది, 1983 దాకా ఉన్నారు. 1985 మే 19న మద్రాసులో చనిపోయారు. చదువు వదిలేసిన ఊళ్లోనే ఆయన ప్రయాణం ముగిసింది. మధ్యలో యాభై అయిదేళ్లు.

ఇక మన సైకిల్ సంగతి

మా హాస్టల్ చర్చకి ఆయన జీవితం నుంచి నేను తీసుకున్నది ఒక వరస. ముందు దారి, తర్వాత ఒళ్లు, ఆ తర్వాత బండి.

దారి: మీరు తొక్కేది క్లాసుకి, బస్టాండుకి, హైవే మీద బ్రెవేకి అయితే ట్రైల్ బైక్ వద్దు. లావు టైరు, ముందు వెనక సస్పెన్షన్ తారురోడ్డు మీద మీ శక్తిని తినేస్తాయి. సన్న టైరున్న మామూలు హైబ్రిడ్ చాలు. కాలువ కట్టలు, గుట్టల దారులు, రాళ్ల బాటలు అయితే ముందు సస్పెన్షన్, 2.3 అంగుళాల పైన టైరు, డిస్క్ బ్రేకులు, వెనక పెద్దపళ్లెం ఉన్న గేర్లు చూడండి. వెనక సస్పెన్షన్ మన దారులకు దాదాపు అనవసరం. దాని ధర, మెయింటెనెన్స్ కూడా మన స్కాలర్‌షిప్‌కి అందవు. చవకలో రెండు వైపులా సస్పెన్షన్ ఇస్తున్నారంటే అది స్ప్రింగు పెట్టిన బరువు తప్ప ఇంకేం కాదు.

ఒళ్లు: ఫ్రేము సైజు మీ ఎత్తుకి సరిపోవాలి. అది తప్పితే లక్ష రూపాయల సైకిల్ కూడా మోకాలు నొప్పే ఇస్తుంది. పెడల్ కిందికి ఉన్నప్పుడు మోకాలు కాస్త మాత్రమే వంగేలా సీటు ఎత్తు పెట్టుకోండి. బండికి పెట్టే డబ్బుల్లో ముందు హెల్మెట్‌కి, లైట్లకి తీసి పక్కన పెట్టండి.

బండి చివర. ఎందుకంటే లెక్క మనకు అనుకూలంగా ఉంది. రెండొందల కిలోమీటర్ల బ్రెవేకి ఇచ్చే సమయం పదమూడున్నర గంటలు. ఆగడాలు, తినడాలు కలిపి గంటకు పదిహేను కిలోమీటర్ల లోపే. పైన మనం వేసిన లెక్కలో నల్ల సైకిల్ నెమ్మదిగా తొక్కితేనే గంటకు పదహారు. అంటే ఒంటి గేరు సైకిల్ కూడా చదును దారిలో దాదాపు సరిపోతుంది. సరిపోనిది మనమే, పన్నెండు గంటలు వరసగా సీటు మీద కూర్చోవడం అలవాటు లేని మనం. దానికి మందు ప్రతిరోజూ కాస్త తొక్కడం. ఆయన యాభై అయిదేళ్లు చేసింది కూడా అదే, వేరే పనిలో.

మొదలుపెట్టాలనుకునేవాళ్లకి ఒక దారి చెప్తాను. సూర్యాపేట నుంచి కోదాడ, అక్కడి నుంచి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ, మళ్లీ సూర్యాపేట. మొత్తం సుమారు నూట యాభై కిలోమీటర్లు. ఎండాకాలం వద్దు, డిసెంబర్ మంచిది. తెల్లవారుజామున బయల్దేరితే హైవే మీద ఎండ ముదరకముందే మునగాల దాటేస్తారు. అక్కడ ఒకసారి ఆగి, ఒకప్పుడు ఇక్కడ రెండు ప్రభుత్వాల హద్దు ఉండేదని పక్కవాళ్లకి చెప్పండి. కోదాడ దాటాక సాగర్ కాలువ తగిలిన చోట, అనుమతి ఉన్నంత మేర కట్ట మీదికి ఎక్కండి. మట్టి దారి, ఒకపక్క నీళ్లు, ఇంకోపక్క వరి. ట్రైల్ బైక్ ఉన్నవాళ్లు అక్కడ దూసుకుపోతారు. నల్ల సైకిల్ ఉన్నవాళ్లు వెనక నింపాదిగా వస్తారు. మిర్యాలగూడలో అందరూ కలిసే భోంచేయొచ్చు.